బాలమణి కార్డు మీద తీసుకున్న పుస్తకం

నీళ్ల డ్రమ్ము మూత వేసి ఉందా లేదా అని నేను పదిసార్లు చూస్తే మీరు నవ్వుతారు. భివండిలో పుట్టి పెరిగిన మీకు ఈ కథ ఎవరూ చెప్పలేదు. చెప్పడమా మానడమా అని నేనే చాలా ఏళ్లు తటపటాయించాను. మీ చిన్నతాత చంద్రశేఖర్ నాకు చెప్పినంతవరకే చెబుతాను. ఒక్క ముక్క కూడా కలపను.

సిద్దిపేటలో ఒక సందులో, ఎవరో దాత కట్టించిన చిన్న గ్రంథాలయం ఉండేది. చంద్రశేఖర్ రోజూ సాయంత్రం అక్కడికి వెళ్లేవాడు. పేపరు చదవడానికని అందరూ అనుకునేవారు. నిజానికి మూడో బీరువాలో తన పుస్తకం ఉందో లేదో చూసుకోవడానికి.

ఆయన వేసింది ఒక్కటే పుస్తకం, పదకొండు కథలు. చివరి కథకు హైదరాబాదులో బహుమతి ఇచ్చారు. శాలువా కప్పారు, పేపర్లో ఫొటో వేశారు. రెండేళ్లు ప్రతి సభకూ పిలిచారు. ఆ తరువాత పంపిన కథలన్నీ తిరిగి వచ్చాయి. కొన్నాళ్లకు తిరిగి రావడం కూడా మానేశాయి. మంచం కింద పేర్చిన కాపీలను చెదలు తిన్నాయి. బీరువాలో ఉన్నదే ఆఖరిది.

ఆ చివరి కథ ఆయన ఇంటిదే. నాలుగేళ్ల కూతురు కృతిక ఇంటి ముందు నీళ్ల సంపులో పడి చనిపోయింది. కథలో, తల్లి సంపు మూత తీసిపెట్టి కునుకు తీస్తుంది. చదివినవాళ్లంతా ఏడ్చారు. ఏడ్చినవాళ్లంతా ఆయన భార్య బాలమణిని వేరుగా చూశారు. వాడకట్టు ఆడవాళ్లు ఆమె చేతికి పిల్లల్ని ఇవ్వడం మానేశారు. ఎందుకో ఆమెకు తెలియలేదు. మూడో తరగతి చదువు ఆమెది, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివేది.

"నీ పుస్తకం ఒకపారి ఇయ్యరాదు, చదువుత."

"గది నీకు సమజ్ కాదు తియ్," అనేవాడు.

నేను చెప్పబోయేదానికి నాలుగేళ్ల ముందే ఆమె జ్వరమొచ్చి పోయింది. అడగడం ఆగిపోయింది.

గ్రంథాలయం చూసుకునే పనికి కొత్తగా అజహర్ అనే కుర్రాడు వచ్చాడు. మంచివాడు, నోరే ఆగదు.

"శేఖర్ సార్, మీ బుక్కుకు దుమ్మొక్కటే రీడర్. ఐదేండ్లు ఎవ్వలు తీస్కపోకుంటే తూకానికి ఏసుడే. కమిటోళ్లు లిస్టు అడుగుతున్రు."

తన కార్డు మీద తన పుస్తకమే తీసుకోవాలంటే ఆయనకు సిగ్గేసింది. ఇంట్లో బాలమణి కార్డు ఉంది. ఎప్పుడో సభ్యులు తక్కువ పడ్డారని తీయించినది. అది తెచ్చి అజహర్ ముందు పెట్టాడు.

"అమ్మ చదువుతరా సార్? మంచిగైంది. ఇంట్లనే రీడర్ దొరికిన్రు."

చంద్రశేఖర్ తల ఊపాడు. ఆమె లేదని చెప్పలేదు.

పుస్తకం పదిహేను రోజులు ఇంట్లో బల్ల మీదే ఉంది. ఆయన ముట్టుకోలేదు. తిరిగి ఇచ్చేటప్పుడు చూస్తే మూడో పేజీ మూల మడిచి ఉంది. మళ్లీ తీసుకెళ్లాడు. ఈసారి మడత తొమ్మిదో పేజీకి వచ్చింది. ఆ తరువాత ఇరవై. ప్రతి వరుస కింద వేలు పెట్టి జరిపినట్టు సన్నటి మరక. కాగితంలో కొబ్బరినూనె వాసన.

ఆయనకు భయం కన్నా ముందు సంతోషమే వేసిందట. ఇన్నేళ్లకు ఒకరు చదువుతున్నారు! ఆ మాట నాతో తల దించుకుని చెప్పాడు.

తరువాత తెలిసొచ్చింది. మడత చివరి కథ వైపు పోతోంది.

పుస్తకం ఇచ్చేసి, మళ్లీ తీసుకోలేదు. బీరువాలోనే మడత నడిచింది. నెల తిరిగేసరికి చివరి కథ ముందు పేజీకి చేరింది.

ఆషాఢం వాన. పొద్దు గూకుతోంది. అజహర్ చాయ్ తేవడానికి పోయాడు. ఆ నాలుగు పేజీలు చింపేద్దామని చంద్రశేఖర్ పుస్తకం తీసి బల్ల దగ్గర కూర్చున్నాడు. కరెంటు పోయింది. రేకుల మీద వాన. చెమ్మ పట్టిన కాగితాల వాసన. అందులోంచి మెల్లగా... కొబ్బరినూనె.

ఎదుటి కుర్చీ జరిగింది.

"కృతిక బాపూ..."

ఆయన చెయ్యి పేజీ మీదే బిగుసుకుంది.

"చింపకు. చదివి పెట్టు. చీకట్ల కనవడ్తలేదు."

చీకట్లో ఆయనకూ కనిపించదు. కానీ ఆ కథ నోటికి వచ్చు. చదివాడు. మూత దగ్గరికి వచ్చాడు. తల్లి దగ్గరికి వచ్చాడు. నిద్ర అనే మాట దగ్గర... నాలుక కదలలేదు.

"ఆగినవేంది?"

వాన.

"గా దినం నేను రేషను దుకాణంల లైన్ల ఉంటి గదా..."

"ఉంటివి."

"పిల్లను చూసుకొమ్మని చెప్పి పోతి గదా..."

"చెప్పినవ్."

"మూత ఎవలు తీసిన్రు?"

"నేనే... బకెట్ నీళ్లు తోడుకుందామని."

"మరి నువ్వు యాడున్నవ్?"

"లోపల. ఒక్క మాట యాదికొచ్చింది... మర్చిపోతనేమోనని రాసుకుందమని పోయిన."

ఎదుటి కుర్చీ మళ్లీ జరిగింది. వెళ్లిపోయిందనుకున్నాడు. అప్పుడు చెవి పక్కనే, కోపం లేకుండా, తెలుసుకోవాలన్నట్టు అడిగింది.

"మంచిగొచ్చిందా... గా మాట?"

కరెంటు వచ్చింది. ఎదురుగా ఖాళీ కుర్చీ. చాయ్ గ్లాసులతో గుమ్మంలో అజహర్. ఆయన బల్ల మీద తల పెట్టి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఏడుస్తూనే అన్నీ చెప్పాడు. బాలమణి లేదని, కార్డు సంగతి, సంపు సంగతి.

అజహర్ గ్లాసులు బల్ల మీద పెట్టాడు. సొరుగు లాగి ఒక కాగితం తీశాడు.

"మరి గిది ఎవలు పెట్టిన్రు సార్? పొద్దుగాల తాళం తీసేసరికి బల్ల మీదుండె. మీ మనవరాలనుకున్న."

పిల్లల సభ్యత్వ ఫారం. పేరు కృతిక. వయసు నాలుగు. తండ్రి సంతకం చేసే చోటు ఖాళీగా ఉంది. పగలంతా ఫ్యాను కింద ఆరేసి సొరుగులో పెట్టినా, ఆ కాగితం ఇంకా నీళ్లు కారుతూనే ఉంది.

సంతకం చేశాడా అని అడిగాను. మీ చిన్నతాత లేచి వెళ్లి నీళ్ల డ్రమ్ము మూత సరిచేశాడు. ఆయన మళ్లీ ఏదీ రాయలేదు.

ఈ కథ మీ పిల్లలకు చెప్పండి. భయపెట్టడానికే అయినా సరే, చెప్పండి. కానీ ఒక్కటి మాత్రం మార్చకండి. ఆ రోజు బాలమణి నిద్రపోలేదు.