హార్డ్‌నర్ అమ్మని అమ్మాయి

"హార్డ్‌నర్ ఒక పావు లీటరు ఇవ్వండి," అన్నాడు గడ్డం కుర్రాడు, క్లియర్ కోట్ డబ్బా కౌంటరు మీద పెట్టి.

"మాస్కుందా?" అంది సాయిదుర్గ.

"ఉందండి." జేబులోంచి నీలం గళ్ల కర్చీఫు తీసి చూపించాడు.

పొద్దుటి నుంచి ఆమె చూసిన మూడో కర్చీఫు అది. కాసేపు దాని వంకా, తర్వాత అతని వంకా చూసి, తీయబోయిన సీసాని షెల్ఫులో వెనక్కి తోసేసింది.

"ఇవ్వను."

"స్టాకు నేదా?"

"ఉంది. మీకు నేదు."

ద్వారకా నగర్ మెయిన్ రోడ్డు వెనక సందులో ఉన్న ఆ కార్ల రంగుల షాపు శ్రీరామ్మూర్తి గారిది. ఆయన భోజనానికి ఇంటికి వెళ్లిన గంటన్నరా షాపు సాయిదుర్గదే. ఆ గంటన్నరలో అమ్మకాలు ఎందుకు పడిపోతాయో ఆయనకి మూడేళ్లుగా అర్థం కావడం లేదు.

"ఏటండి మీరు, అమ్మడానికి కూకున్నారా, ఆపడానికి కూకున్నారా?" అన్నాడు ఆ అబ్బాయి.

"కారుకా, బండికా?"

"పడవకండి." రెండు చేతులూ మూరెడు దూరంలో పెట్టి చూపించాడు. "ఇంతే ఉంటాది."

పేరు ఎల్లాజీ. ఊరు యారాడ. వాళ్ల నాన్న సముద్రం మీదికి వేటకెళ్తాడు. ఎల్లాజీ మాత్రం ఓడల బొమ్మలు చేస్తాడు. అసలు ఓడ కొలతలన్నీ వందో వంతుకి కుదించి, మరమేకుతో సహా చేసి, షిప్పింగ్ ఆఫీసుల ముందు గదుల్లో అద్దాల పెట్టెల్లో పెట్టడానికి ఇస్తాడు. మామూలు వార్నిష్ వేస్తే సముద్రపు గాలికి జిగటగా తయారై ఏడాదిలో పచ్చబడిపోతోందట. హార్డ్‌నర్ కలిపి కార్లకి కొట్టే ఈ క్లియర్ పూత అయితే అద్దంలా నిలుస్తుందని ఎవరో చెప్పారట.

"ఎక్కడ కొడతారు?"

"నా గదిలోనేనండి. తలుపులూ కిటికీలూ మూసేసి. దుమ్ము పడకూడదు కదా."

సాయిదుర్గ ఒక్క క్షణం కళ్లు మూసుకుంది.

"ఇనండి. మీకు ముక్కులు అదిరేది థిన్నరు. అసలు చెడ్డది ఈ హార్డ్‌నర్లోది, దానికి వాసనుండదు. స్ప్రే కొట్టినప్పుడు తుంపరై ఊపిరితిత్తుల్లోకి పోతాది. ఈ రోజు ఏటీ అవదు, రేపూ అవదు. ఒక రోజు ఒంటికి పడకుండా పోతాది. ఇంక జన్మలో దాని దగ్గరికెళ్లలేరు. కర్చీఫు దోమల్ని ఆపుతాది, దీన్ని ఆపదు."

"మీరు డాక్టరా అండి?"

"కాదు. మందులైతే అమ్మేదాన్నే."

ఎల్లాజీ నవ్వాడు. సాయిదుర్గ నవ్వలేదు. అప్పుడే గొడుగు ముడుస్తూ వచ్చిన శ్రీరామ్మూర్తి గారు సంగతి విని తల పట్టుకున్నారు.

"అమ్మా దుర్గా, మనం షాపు పెట్టుకున్నది అమ్మడానికేనమ్మా."

చివరికి గాలిని వడకట్టే కార్ట్రిడ్జి మాస్కు కొంటేనే హార్డ్‌నర్ అన్న ఒప్పందం మీద బేరం తెగింది. అంతటితో పీడ వదిలిందనుకుంది సాయిదుర్గ.

వారం తిరక్కుండా మళ్లీ వచ్చాడు, మాస్కింగ్ టేపు కోసమని. మాస్కు పెట్టుకునే కొట్టానని గొప్పగా చెప్పాడు.

"ఈ గడ్డం మీదే?"

"ఆఁ."

"గడ్డం మీద మాస్కు అంటుకోదు. సందుల్లోంచి అంతా లోపలికే పోతాది. తీసెయ్యండి."

"ఏటండి, పడవకోసం గడ్డం తియ్యాలా?"

"పడవకోసం కాదు."

మరుసటి వారం అతను నున్నగా గీయించుకుని వచ్చాడు. సాయిదుర్గ మొదట పోల్చుకోలేదు. పోల్చుకున్నాక, తల దించుకుని బిల్లు పుస్తకంలో లేని లెక్కలు వెతికింది.

కానీ ఆ మనిషితో ఒకటి సరిదిద్దితే ఇంకొకటి సిద్ధంగా ఉండేది. మాస్కుని నెలంతా గోడ మేకుకి తగిలించి ఉంచేవాడు. "మూత పెట్టి డబ్బాలో దాచాలి, అలగ వేలాడదీస్తే ఊరికే గాలి పీల్చి అయిపోతాది," అని ఆమె చెప్తే, "అయ్యో, దానికీ ఆకలేస్తాదా," అనేవాడు. గ్లవ్స్ వేసుకునేవాడు కానీ ఒంటి మీద పొట్టి చేతుల చొక్కా. కళ్లద్దాలు కొన్నాడు కానీ నుదుటి మీద పెట్టుకునేవాడు. చెప్పీ చెప్పీ సాయిదుర్గకి ఇంటికెళ్లాక కూడా గొంతు మండేది.

"మీకు ఒకేసారి అన్నీ తలకెక్కవా?"

"ఎక్కితే మళ్లీ రావడానికి పనేటుంటాది?" అన్నాడు ఒక రోజు, అటుకేసి తిరిగి, టేపు చుట్ట వేళ్ల మధ్య తిప్పుతూ.

బయట వాన జోరుగా పడుతోంది. ఆమె గొడుగు తీసి అతని ముందు పెట్టింది. అది తిరిగివ్వడానికి అతను మూడు సార్లు వచ్చాడు, మూడు సార్లూ గొడుగు మర్చిపోయి.

దీపావళి వెళ్లాక ఒక మధ్యాహ్నం, "నాను మీ ఇంటికొచ్చి మీ నాన్నతో మాట్లాడతాను. ఆదివారం," అన్నాడు.

"నాను ముందు సెప్తాను నాన్నకి. అప్పుడు రా," అంది సాయిదుర్గ. ‘మీరు’ ఎప్పుడు ‘నువ్వు’ అయిందో ఇద్దరికీ గుర్తు లేదు.

ఆమె చెప్పాల్సింది నాన్నకి మాత్రమే కాదు. నాన్న గురించి ఎల్లాజీకి కూడా చెప్పాలి. ఆర్నెల్లుగా అతనికి హార్డ్‌నర్ గురించి వెయ్యి మాటలు చెప్పింది కానీ, ఆ మాటలన్నీ ఎక్కడ నేర్చుకుందో ఒక్కసారి కూడా చెప్పలేదు. షాపులో ఎవరికీ చెప్పలేదు. జాలి చూపులంటే ఆమెకి ఒళ్లుమంట.

ఎల్లాజీ ఆదివారం దాకా ఆగలేదు. శనివారం సాయంత్రమే పెందుర్తిలో వాళ్ల ఇంటికి వచ్చేశాడు, అట్టపెట్టెతో. సాయిదుర్గ తలుపు తీసేసరికే నవ్వుతూ లోపలికి వచ్చి, మంచం మీద కూర్చున్న ఆమె నాన్న సింహాద్రికి దండం పెట్టి, పెట్టె మూత తీశాడు. తెడ్డు, తెరచాపలతో సహా ఉన్న చిన్న పడవ. తళతళా మెరుస్తోంది.

"పొద్దున్నే క్లియర్ కొట్టానండి, మీకోసం."

సింహాద్రి ఆ పడవని దగ్గరికి తీసుకుని చూశాడు. "అద్దంలాగ కొట్టావు," అన్నాడు. ఇంకో మాట అనబోయి, ఆగి, ఛాతీ మీద చెయ్యి పెట్టుకున్నాడు. ఊపిరి ఈలలా రావడం మొదలైంది. పెదాలు నల్లబడ్డాయి. ఇన్హేలరు రెండు సార్లు కొట్టినా ఆగలేదు.

ఎల్లాజీయే పరుగున ఆటో తెచ్చాడు. ఆస్పత్రిలో ముక్కుకి మాస్కు పెట్టి మందు పట్టారు. గండం గడిచిందని డాక్టరు చెప్పేదాకా సాయిదుర్గ మంచం పక్క నుంచి కదల్లేదు. తర్వాత వరండాలోకి వచ్చింది.

"ఇరవై రెండేళ్లు కార్లకి రంగులు కొట్టాడు మా నాన్న. మూతికి తువ్వాలు కట్టుకుని. ఆరేళ్ల కిందట షెడ్డులోనే పడిపోయాడు. అప్పట్నుంచి పక్కింటోళ్లు గేటుకి రంగేసినా మేం ఊరొదిలి పోతాం. నువ్వు పొద్దున్న కొట్టింది, ఇంకా ఆరనిది, ఆయన ఒళ్లో పెట్టావు."

ఎల్లాజీ మొహం పాలిపోయింది. "ఇన్నాళ్లూ నువ్వు సెప్పనేదు."

అది నిజం. నిజం కాబట్టే ఆమెకి మరింత కోపం వచ్చింది.

"నీ ముక్కుకి మాస్కుంది. ఆ గదిలోంచి బయటికొచ్చినదాన్ని ఇంకొకళ్లు పీలుస్తారని ఒక్కసారైనా అనుకున్నావా? ఇంక రాకు."

అతను రాలేదు. ఒక వారం. రెండు వారాలు. మూడో వారానికి, తను రావద్దంటే నిజంగానే రాకుండా ఉన్నందుకు సాయిదుర్గకి అతని మీద కొత్తగా చిరాకు మొదలైంది. చెప్పిన మాటలన్నిట్లో ఇదొక్కటే ఒకేసారి తలకెక్కాలా?

ఆ వారంలోనే జిలానీ బాషా షాపుకి వచ్చాడు. పాత ఊళ్లో ఆయనకి కార్ల షెడ్డు ఉంది. సింహాద్రితో కలిసి పని నేర్చుకున్న మనిషి.

"అమ్మాయ్, ఆ యారాడ కుర్రోడు మీ నాన్నతో పని చేసినోళ్లని వెతుక్కుంటూ వచ్చి నా దగ్గరే ఉన్నాడు, తెలుసా?"

సాయిదుర్గ డబ్బా తుడుస్తూనే ఉంది. "నాకెందుకు మామా?"

"నీకెందుకో నాకేం తెలుసు. గదిలో స్ప్రే మానేశాడు. మీ నాన్న పడిపోయాక నేను కట్టించిన స్ప్రే బూత్ గది లేదూ, అందులోనే కొడుతున్నాడు, ఫ్యాను వేసి, బయట గాలి గొట్టంతో వచ్చే మాస్కు పెట్టి. కార్ట్రిడ్జి ఎప్పుడు అయిపోయిందో ముక్కుకి తెలియదు బేటా అని చెప్తే, మొత్తం నోట్సు రాసుకున్నాడు. పని అయ్యాక స్నానం, వేరే బట్టలు. బొమ్మలు వారం రోజులు షెడ్డులోనే ఆరాలి, ఎవరూ దగ్గరికెళ్లకూడదు. నా పనోళ్లని కూడా తిట్టి చంపుతున్నాడు. ఆ తిట్లు ఎక్కడో విన్నట్టే ఉన్నాయి."

"ఊపిరి పరీక్ష చేయించుకున్నాడా?" అని ఆమె నోటి నుంచి వచ్చేసింది.

"చేయించాను. బాగానే ఉందట. అదృష్టవంతుడు." బాషా హార్డ్‌నర్ సీసా అందుకుని, మాస్కు ఉందని ఆమె అడగకుండానే చెప్పి వెళ్లిపోయాడు.

ఆ రాత్రి అన్నం దగ్గర సింహాద్రి తనంతట తానే కదిపాడు.

"ఆ పడవ కుర్రోడు మళ్లీ రాడేటి?"

"నానే రావద్దన్నాను."

"వాడు నన్ను సంపడానికి రానేదు కదే. నాను తాపీగా ఇరవై రెండేళ్లు సేసిన పని, వాడికి తెలీక ఒక్క రోజు సేసాడు. తిట్టే హక్కు నాకుంది, నీకు నేదు. రమ్మను."

ఆదివారం పొద్దున్న ఎల్లాజీ వచ్చాడు. చేతిలో ఏమీ లేదు. గేటు బయటే ఆగిపోయాడు. సన్నగా వాన పడుతోంది.

"లోపలికి రావచ్చేటండి? నాలుగు రోజులై రంగు ముట్టుకోనేదు. చొక్కా కొత్తది, షెడ్డులోకి తీసుకెళ్లనేదు. అయినా మీకు ఇబ్బందైతే ఇక్కణ్నుంచే మాట్లాడతాను."

సింహాద్రి నెమ్మదిగా మెట్లు దిగి, గేటు దాకా నడిచాడు. అతని భుజం మీదికి వంగి గుండె నిండా ఊపిరి పీల్చాడు. సాయిదుర్గ ఇన్హేలరు పట్టుకుని గుమ్మంలో బిగుసుకుపోయింది. ఒక నిమిషం గడిచింది. ఏమీ కాలేదు.

"సబ్బు వాసనేస్తన్నాడు," అన్నాడు సింహాద్రి. "మాట్లాడు."

"మీ అమ్మాయిని పెళ్లి సేసుకుంటానండి. మీ ఊపిరికి ఇబ్బంది లేని ఇంట్లో, మీ దగ్గర్లోనే ఉంటాం. పని షెడ్డులోనే వదిలేసి వత్తాను. ఇది రోజూ సేస్తాను, ఒక్క రోజు కాదు."

సింహాద్రి వెనక్కి తిరిగాడు. "ఏటే, నీ మాటేటి?"

సాయిదుర్గకి ఒక్కసారిగా ఆ గడ్డం, ఆ గ్లవ్స్, నుదుటి మీది కళ్లద్దాలు, ఆస్పత్రి వరండా అన్నీ గుర్తుకొచ్చాయి.

"సెప్పీ సెప్పీ నా గొంతు పోయింది నాన్నా, ఈ మనిషికి. ఆర్నెల్లు పట్టింది. ఇంకొకడికి మళ్లీ మొదట్నుంచి సెప్పే ఓపిక నాకు నేదు."

ఎల్లాజీ వానలో తడుస్తూ, ఆమె వంకా, సింహాద్రి వంకా మార్చి మార్చి చూశాడు.

"అంటే ఏటండి?"

"దీనిక్కూడా ఆర్నెల్లు పడతాదా నీకు?" అంది సాయిదుర్గ, గేటు గొళ్లెం తీస్తూ. "లోపలికి రమ్మని."