తాళం వేసిన ట్యాంకు

మధ్యాహ్నం పూట ఆఫీసులోకి వచ్చిన ఆవిడ, కూర్చోమన్నా కూర్చోలేదు. డిటెక్టివ్ ఎదుట నిలబడే గోడు వెళ్లబోసుకుంది. ఆవిడ భర్తకు ఒక పాత డీజిల్ లారీ ఉంది. దాన్ని నడిపేది ఆవిడ తమ్ముడే. రెండు నెలల్లో ట్యాంకు లోపలి పంపు మూడుసార్లు కాలిపోయింది. మూడోసారి ఇవాళ పొద్దున్నే. తమ్ముడే డీజిల్ దొంగిలిస్తున్నాడని, అడిగినందుకు కక్షతో పంపు పాడుచేస్తున్నాడని భర్త అనుమానం.

"సాయంత్రం పోలీసుల్ని పిలుస్తానంటున్నారు. అడకత్తెరలో పోకచెక్కనైపోయానండి" అంది.

డిటెక్టివ్ అసిస్టెంటును అందరూ మాస్టారనే పిలుస్తారు. ఈ కొలువులో చేరకముందు పన్నెండేళ్లు బళ్లో లెక్కలు చెప్పాడాయన. దొంగ తమ్ముడేనని దారిలోనే తేల్చేసుకున్నాడు. వాళ్లింటి లారీ షెడ్డులో అడుగుపెట్టాక మాత్రం ఆ ధీమా నిలవలేదు.

లారీని రోజూలాగే వెనక్కి నడిపించి, తోక గోడవైపు ఉండేలా నిలిపి ఉంచారు. మెకానిక్ అప్పటికే పంపు బయటికి తీశాడు. దాని అడుగునున్న జల్లెడ నిండా తెల్లటి బురద. వైర్లు బాగున్నాయనీ, కరెంటు సరిగానే వస్తోందనీ చెప్పి, జల్లెడ చూపించాడు.

"లోపల పారే డీజిలే పంపుని చల్లగా ఉంచాలండి. ఇది మూసుకుపోయి ఊపిరాడక కాలిపోయింది."

"మొదటి రెండుసార్లు కూడా ఇలాగే ఉందా?" అని మాస్టారు అడిగాడు.

మెకానిక్ తల గోక్కున్నాడు. పాతవి చూడకుండానే పారేశాడట, ట్యాంకు కూడా కడగలేదట. మాస్టారి అనుమానం తమ్ముడి మీంచి మెకానిక్ మీదికి గెంతింది. కానీ పంపు మొదటిసారి కాలేదాకా మెకానిక్ ఈ లారీ ముఖమే చూడలేదు. అనుమానం మళ్లీ గెంతాల్సి వచ్చింది, ఎటో తెలియలేదు.

ట్యాంకు మూతకు తాళం ఉంది. ఒకటే చెవి, అది లారీ యజమాని, అంటే ఆవిడ భర్త, నడుముకున్న గొలుసుకే. డీజిల్ పోసేదీ ఆయనే, షెడ్డులోని పీపాలోంచి. మాస్టారు పీపాలో చూశాడు, డీజిల్ తేటగా ఉంది. మరి ఆ బురద ఎలా దూరింది? రాసుకుందామని పెన్ను తీస్తే జారి కింద పడింది. దొర్లుకుంటూ లారీ కిందుగా వెనక గోడ దాకా పోయింది. తిట్టుకుంటూ దాని వెంట పాకాడు.

"మూత తాళంలో ఉంటే డీజిల్ ఎలా తీస్తాడంటారు?" అని డిటెక్టివ్ అడిగాడు.

"పైపు విప్పి," అన్నాడు యజమాని. ఆ నట్లు తుప్పుపట్టి ఏళ్లుగా కదల్లేదని మెకానిక్ అడ్డం వచ్చాడు.

"అయితే రాత్రికి రాత్రి నాలుగు వేళ్ల డీజిల్ ఏమవుతోంది?" యజమాని గొంతు పెంచాడు. "రెండు నెలలుగా నేనే కొలుస్తున్నా. సాయంత్రం గేటు దగ్గర ఒకసారి, పొద్దున ఇక్కడ ఒకసారి."

తమ్ముడు నేల చూపులు చూస్తూ, "నేను తీయలేదు బావా" అన్నాడు. అప్పటికి వందోసారేమో. మాస్టారికి తల తిరిగిపోయింది. తాళం తీయకుండా డీజిల్ పోతోంది, తాళం తీయకుండా బురద వస్తోంది.

డిటెక్టివ్ మాత్రం ఆవిడని ఒక నిమ్మకాయ అడిగాడు. బురదని డీజిల్ జిడ్డు పోయేలా సబ్బునీళ్లలో కడిగి, దాని మీద రసం పిండాడు. బుసబుస పొంగింది. తరవాత అందరినీ లారీ దగ్గరికి పిలిచి, ఇవాళ కూడా రోజూలాగే కొలవమని యజమానిని కోరాడు.

యజమాని కర్ర తీశాడు. గుర్తు స్పష్టంగా తెలియాలని, జేబులోంచి సుద్దముక్క తీసి కర్రకి దిట్టంగా రుద్దాడు. తాళం తీసి, ట్యాంకు మూతి ముందు వైపునుంది కాబట్టి ముందునుంచే కర్ర దించి, పైకి లాగాడు. తడిసినంత మేరా సుద్ద సగం రాలిపోయింది.

"పన్నెండేళ్లు సుద్దతో కాపురం చేశారు మాస్టారూ, గుర్తుపట్టలేదా?" అన్నాడు డిటెక్టివ్. "తెల్లగా ఉన్నా, ఏ పిండో అయితే నిమ్మరసానికి పొంగదు, సుద్ద పొంగుతుంది. తాళంచెవి ఒక్కరి దగ్గరే ఉంది, రోజుకు రెండుసార్లు మూత తీసేదీ ఆయనే. కావాలని చేసింది కాదు. కానీ పంపుని చంపింది ఆ సుద్దే."

"మరి నా డీజిల్?" యజమాని గొంతు తగ్గింది.

"మాస్టారి పెన్ను ఎటు దొర్లిందో చూశారుగా. ఈ నేల వెనక్కి వాలుంది. డీజిలంతా ట్యాంకులో వెనక వైపుకి చేరుతుంది, మీరు ముందు కొలుస్తారు. గేటు దగ్గర నేల చదును."

మెకానిక్ చేత జాకీ పెట్టించి లారీ వెనకభాగం ఎత్తించాడు. యజమాని మళ్లీ కర్ర దించాడు. పైకి తీసి వేళ్లు ఆనించి చూశాడు. సరిగ్గా నాలుగు వేళ్లు పెరిగింది.

మాస్టారికి యజమానిని చూస్తే జాలేసింది, తన మీద తనకే సిగ్గేసింది. యజమాని నడుముకున్న గొలుసు విప్పి, తాళంచెవి బామ్మర్ది ముందు చాపాడు. చేతికి ఇంకా సుద్ద అంటుకునే ఉంది.

తమ్ముడు అందుకోలేదు.

"చెవి నాకెందుకు బావా? ఆ తాళం తీసెయ్" అన్నాడు. "తీసేస్తే, ట్యాంకు కడుగుదాం."

యజమాని మూత మీది తాళం ఊడదీసి జేబులో వేసుకున్నాడు. గుమ్మంలో నిలబడ్డ ఆవిడ, ఆ రోజు మొదటిసారిగా, బోర్లించిన బకెట్టు మీద కూర్చుంది.