పెద్దమ్మ ఈల

"ఆ అట్టముక్కను ముట్టుకోవద్దండి!"

కేక విని ఆమె చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. డీజిల్ ఇంజన్ డ్రైవర్ క్యాబిన్‌లో, స్టార్ట్ బటన్‌కు దారంతో కట్టి వేలాడుతున్న అట్టముక్కకు జానెడు దూరంలో ఉంది ఆ చెయ్యి. కింద, పట్టాల పక్కన, మోచేతుల దాకా గ్రీజు పూసుకున్న యువకుడు ఆమెను గుడ్లురిమి చూస్తున్నాడు.

"ఇది మా తాతయ్య చేతిరాత," అంది ఆమె.

"అయితే మీ తాతయ్య చెయ్యే రావాలి. మీది పనికిరాదు."

మొదటి పరిచయం ఇంత మర్యాదగా జరిగింది.

ఆ యువకుడు పాత డీజిల్ ఇంజన్లను కాపాడే సంఘానికి సెక్రటరీ. వారంలో ఆరు రోజులు కళ్ళద్దాల షాపు నడిపి, ఏడో రోజు ఇక్కడికొచ్చి బట్టలు పాడుచేసుకుంటాడు. సంఘంలో ఉన్నది పదకొండు మంది, వాళ్ళ దగ్గరున్నది ఒకే ఒక్క ఇంజన్. దాన్ని అందరూ పెద్దమ్మ అంటారు. వయసులో పెద్దది, కోపం ఎక్కువ, ఎప్పుడు కదులుతుందో దానికే తెలియాలి.

ఆ సంఘంలో ఒక నియమం ఉంది. ఇంజన్ లోపల ఎవరు చెయ్యి పెట్టినా ముందు తన అట్టను స్టార్ట్ బటన్‌కు కట్టాలి. పని పూర్తయ్యాక ఎవరు కట్టారో వాళ్ళే విప్పాలి. అట్ట ఉండగా బటన్ నొక్కితే లోపలున్న మనిషి వేళ్ళు మిగలవు. అందుకే సెక్రటరీ అయినా సరే, ఇంకొకరి అట్ట జోలికి వెళ్ళడు.

నెల రోజులుగా అక్కడ వేలాడుతున్న అట్ట మీద ఇలా ఉంది: "పని జరుగుతోంది. నేను వచ్చేదాకా ముట్టుకోవద్దు." కట్టినాయన సంఘంలో అందరికంటే పెద్ద మెకానిక్. అందరికీ ఆయన గురువుగారు. ఇంజన్ పక్కన కళ్ళు మూసుకుని నిలబడి, ఏ సిలిండర్‌కు ఒంట్లో బాగాలేదో చెవితోనే చెప్పేవాడు. నెల కిందట అలాగే నిలబడి, టర్బో ఈల వినిపించడం లేదన్నాడు. టర్బో అంటే ఇంజన్‌లోకి గాలిని తోసే చక్రం. వేగం పెరిగే కొద్దీ సన్నగా ఈల వేస్తుంది. మాకు వినిపిస్తోంది కదా అన్నారు మిగతావాళ్ళు. నన్నే ఆటపట్టిస్తారా అని ఆయన అట్ట కట్టి, తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆ వైపు రాలేదు.

ఇదంతా విన్నాక మనవరాలి కోపం సగం దిగింది. తాతయ్య ఇంట్లో ఎవరితోనూ మాట్లాడకుండా కిటికీ దగ్గర కూర్చుంటున్నాడని, ఇక్కడ ఎవరో అవమానించారేమో కడిగేద్దామని వచ్చానని చెప్పింది.

"కడగండి. గ్రీజు మాత్రం సబ్బుకు పోదు," అని అతను చేతులు చూపించాడు.

ఆమె నవ్వు ఆపుకోవాలని గట్టిగానే ప్రయత్నించింది. కుదరలేదు.

అప్పటినుంచి ఆమె ప్రతి సెలవు రోజూ వచ్చేది. వచ్చిన ప్రతిసారీ ఒక సంచెడు ప్రశ్నలు తెచ్చేది. ఈల ఎలా పుడుతుంది? ఎన్ని చక్రాలు తిరుగుతాయి? టర్బో విప్పి చూశారా? ఆపి ఉన్న ఇంజన్‌ను విప్పడానికి అభ్యంతరం లేదు కాబట్టి రెండుసార్లు విప్పామని, లోపల ఈక ముక్కంత లోపం కూడా లేదని అతను చెప్పాడు. మరి ఆయనకు ఎందుకు వినిపించలేదు? ఆ ప్రశ్న ఇద్దరికీ నిద్రపట్టనివ్వలేదు. అతనికి ఆమె రేపు వస్తుందా రాదా అన్న ప్రశ్న కూడా నిద్రపట్టనివ్వలేదు కానీ, దాన్ని బయటపెట్టే ధైర్యం లేదు.

ఇంతలో మరో చిక్కు వచ్చిపడింది. ఇంజన్ ఉన్న షెడ్డు, పట్టాలు సంఘానివి కావు, రైల్వే యార్డువి. వచ్చే శనివారం యార్డు అధికారి వస్తాడు. ఇంజన్ తనంతట తాను వంద గజాలు నడిస్తే షెడ్డు వాళ్ళకే ఉంటుంది. నడవకపోతే క్రేన్ వచ్చి పెద్దమ్మను తుక్కు కింద ఎత్తుకుపోతుంది.

అట్ట విప్పి పారేయమని సంఘంలో అందరూ సెక్రటరీ మీద పడ్డారు. అందరికంటే ఎక్కువ గొడవ చేసింది రిటైరైన పోస్ట్‌మాన్ బాబాయ్. "ఇంజన్ బాగానే ఉందని నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఒక దారం ముక్క కోసం మొత్తం పోగొట్టుకుంటామా?"

"ఇవాళ గురువుగారి అట్ట నేను విప్పితే, రేపు నా అట్ట కట్టి లోపల చెయ్యి ఎలా పెడతాను బాబాయ్? ఎవర్ని నమ్మి పెడతాను?" అన్నాడతను.

తలుపు దగ్గర గొడుగు ముడుస్తున్న ఆమె ఆ మాట విన్నది. అతన్ని కాసేపు అలాగే చూస్తూ నిలబడింది. గొడుగులోని నీళ్ళన్నీ తన చెప్పుల మీదే కారుతున్నా గమనించలేదు. అతను గమనించాడు కానీ, ఆ చూపు చెదిరిపోతుందేమోనని చెప్పలేదు.

అందరూ వెళ్ళాక ఆమె ఒక వింత కోరిక కోరింది. ఆ ఈల ఎలా ఉంటుందో నోటితో వేసి చూపించమంది. అతను సిగ్గుపడ్డాడు, దగ్గాడు, గోడవైపు తిరిగి వేశాడు. ఇంకా సన్నగా ఉంటుందా అని అడిగింది. ఉంటుందని పీక నొక్కినట్టు మరోసారి వేశాడు. ఆమె నవ్వలేదు. ముఖం పాలిపోయింది.

"మా ఇంట్లో కుక్కర్ కూత వెయ్యడం లేదని తాతయ్య రెండు నెలల్లో రెండు కుక్కర్లు మార్పించాడు," అంది నెమ్మదిగా. "కాలింగ్ బెల్ కూడా మార్పించాడు."

అతనికి విషయం అర్థమయ్యేసరికి ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమె ఉద్యోగమే వినికిడి పరీక్షలు చేసి, చెవి మిషన్లు అమర్చడం. వయసు పైబడితే ముందు పోయేవి సన్నటి శబ్దాలేనని రోజూ నలుగురికి చెబుతుంది. మాటలు, ఇంజన్ దడదడలు బాగానే వినిపిస్తాయి కాబట్టి మనిషికి తేడా తెలియదు. "ఊళ్ళోవాళ్ళ చెవులన్నీ చూస్తాను. నా పక్కన కూర్చుని అన్నం తినే మనిషిని చూసుకోలేదు," అంది.

ఓదార్చడం ఎలాగో అతనికి తెలియదు. తెలిసింది కళ్ళద్దాల సంగతే. మొదటిసారి అద్దాలు పెట్టుకున్నవాళ్ళు షాపు గుమ్మంలో నిలబడి, ఎదురుగా ఉన్న చెట్టుకు ఇన్ని ఆకులున్నాయా అని అడుగుతారట. ఇన్నాళ్ళూ చూడలేదని ఏడ్చినవాళ్ళు ఒక్కరూ లేరట. ఆమె ముక్కు తుడుచుకుని, "మీరు బాగానే మాట్లాడతారే," అంది. అతని చెవులు ఎర్రబడ్డాయి.

కానీ ముడి అలాగే ఉంది. ఈల వినిపిస్తే తప్ప తాతయ్య అట్ట విప్పడు. అట్ట విప్పితే తప్ప ఇంజన్ ఈల వెయ్యదు. అప్పుడు అతనికి తన ఫోన్ గుర్తొచ్చింది. పెద్దమ్మను స్టార్ట్ చేసిన ప్రతిసారీ ఆ శబ్దం రికార్డు చేసుకోవడం అతని పిచ్చి. గురువుగారు కోపంతో వెళ్ళిపోయిన రోజుది కూడా అందులో ఉంది.

గురువారం ఆమె తాతయ్యను బతిమాలి తన పరీక్ష గదికి తీసుకొచ్చింది. మూలన సెక్రటరీని చూసి ఆయన ముఖం తిప్పుకున్నాడు. ఆమె స్పీకర్‌లో రికార్డింగ్ పెట్టింది.

"పెద్దమ్మే," అన్నాడాయన. "కానీ ఈల లేదు. చెప్పాను కదా."

ఆమె రెండు చిన్న మిషన్లు ఆయన చెవులకు అమర్చి, మళ్ళీ మొదటినుంచి పెట్టింది. ఇంజన్ దగ్గింది, అందుకుంది, వేగం పెరిగింది. ఆయన కూర్చున్నచోటే నిటారుగా అయ్యాడు. వేళ్ళు మోకాలి మీద తాళం వేసి, ఆగిపోయాయి.

"ఇది ఎప్పటిది?"

"మీరు వెళ్ళిపోయిన రోజుది గురువుగారూ."

మనవరాలు ఆయన భుజం మీద చెయ్యి వేసింది. జీవితమంతా నమ్ముకున్న చెవి తనను మోసం చేసిందని ఒప్పుకోవడం ఆ పెద్దాయనకు ఎంత కష్టమో ఇద్దరికీ తెలుసు.

"నా అట్ట?" అన్నాడు చివరికి.

"అలాగే ఉందండి."

"రెండు నెలలూ? ఎవ్వరూ విప్పలేదా?"

"ఎవ్వరం ముట్టుకోలేదు గురువుగారూ. శనివారం ఇంజన్ నడవకపోతే తుక్కు కింద పోతుందని తెలిసినా."

ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకుని లేచాడు. "శనివారం నాకు బస్సు వద్దు. వచ్చి తీసుకెళ్ళు," అన్నాడు సెక్రటరీతో.

శనివారం పొద్దున్నుంచీ సన్నగా వాన. గురువుగారు క్యాబిన్ ఎక్కి, తన అట్ట తానే విప్పి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. బటన్ నొక్కగానే పెద్దమ్మ అలవాటు ప్రకారం కాసేపు గొణిగింది, నల్లటి పొగ ఊదింది, ఆ తరువాత సన్నగా ఈల వేసింది. వంద గజాలన్నది నూట ఇరవై నడిచింది. యార్డు అధికారి తడుస్తూనే కాగితం మీద సంతకం పెట్టాడు. గురువుగారు కళ్ళు మూసుకుని వింటూ, మూడో సిలిండర్ కొంచెం బద్ధకిస్తోందని తిట్టాడు. సంఘమంతా సంబరపడిపోయింది, తిట్లు తిరిగొచ్చినందుకు.

సెక్రటరీకి మాత్రం గుండె బరువెక్కింది. తాతయ్య పని అయిపోయింది. ఇక ఆమె ఇక్కడికి ఎందుకొస్తుంది?

ఆమె అతని దగ్గరికొచ్చి ఒక ఖాళీ అట్ట, పెన్ను అడిగింది.

"ఇంజన్‌లో మీకేం పని?" అన్నాడు ఇస్తూ.

ఆమె అట్టను ఇంజన్ మెట్టు మీద పెట్టి రాసింది. దారం గుచ్చి, అతని చొక్కా రెండో బొత్తానికి కట్టింది. అతను తలవంచి, తలకిందులుగా చదువుకున్నాడు. "పని జరుగుతోంది. నేను వచ్చేదాకా ముట్టుకోవద్దు."

"నేను ఎవరి అట్టా విప్పనని మీకు తెలుసు కదా," అన్నాడు.

"తెలిసే కట్టాను," అంది ఆమె.

పోస్ట్‌మాన్ బాబాయ్ అదేమిటో చదువుదామని ఉత్సాహంగా చెయ్యి చాచాడు. ఆ చేతి మీద చెళ్ళున ఒక దెబ్బ పడింది. కొట్టింది గురువుగారు.

"ఎవరు కట్టారో వాళ్ళే విప్పాలి. ఇన్నేళ్ళొచ్చాయి, నియమం తెలీదా?" అని ఆయన మనవరాలివైపు తిరిగాడు. "ఎప్పుడు విప్పుతావే?"

"చాలా పనుంది తాతయ్యా," అంది ఆమె, అతన్నే చూస్తూ.

"అయితే తీరిగ్గానే చెయ్యి," అని పెద్దాయన చెవి మిషన్ సర్దుకుని, మూడో సిలిండర్ సంగతి చూడటానికి వెళ్ళిపోయాడు.