మాస్కు తీసిన సారు

పొద్దున ఏడున్నరకే ఆ ఇంట్లో అందరి మూతులకూ మాస్కులున్నాయి. వంటింట్లో ఉప్మా కలుపుతున్న బిందుమాధవికీ, షాపు తాళాల కోసం వెతుక్కుంటున్న ఆమె భర్త లింగస్వామికీ, కిటికీ పక్కన మంచం మీద కూర్చున్న ముసలి అత్తగారు కొమురమ్మకూ. తినేటప్పుడు కూడా ఒకరి తరవాత ఒకరు విడిగా తినాలి. అది లింగస్వామి అన్న నర్సింహులు పెట్టిన రూలు.

ఆ ఏడాది మే నెలలో నర్సింహులు భార్య ప్రసన్నలక్ష్మి కరోనాతో పోయింది. ఆక్సిజన్ బెడ్డు కోసం కారు వెనక సీట్లో ఆమెను పడుకోబెట్టుకుని ఎల్బీనగర్ నుంచి నాలుగు దవాఖానలు తిరిగాడు. నాలుగోదాని గేటు ముందు సెక్యూరిటీ వాడితో మాట్లాడి వెనక్కి వచ్చేసరికి ఆమె చెయ్యి చల్లబడి ఉంది. ఆ మనిషి మళ్లీ మామూలు మనిషి కాలేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో అన్నదమ్ములిద్దరికీ చీరల షాపుంది. మాస్కు లేకుండా లోపలికొచ్చిన ఒకాయనను కాలరు పట్టుకుని మెట్ల మీదికి తోసేశాడు. ఇంట్లో అతనికెవరూ ఎదురు చెప్పలేదు. పిల్లలు లేని నర్సింహులుకు తమ్ముడి కూతురు ఉదయలక్ష్మే బిడ్డ. "మా ఇంట్ల ఒక్క మనిషి పోయింది చాలు. ఇంకొకర్ని పోనియ్య" అనేవాడు.

"ఉదయా" అని పిలిచాడు లింగస్వామి.

పదో తరగతి చదువుతున్న ఉదయ గుమ్మం దగ్గర కూర్చుని బూట్లు వేసుకుంటోంది. తల తిప్పలేదు. ఇంకోసారి పిలిచాడు. పలకలేదు. అతను విసురుగా వెళ్లి ఆమె బ్యాగు మీదున్న ప్రోగ్రెస్ కార్డు లాక్కున్నాడు. లెక్కల్లో ఎనభైకి పంతొమ్మిది.

"పోయినేడు క్లాస్ ఫస్టు ఒస్తివి. ఇప్పుడు పంతొమ్మిదేంది? పిలిస్తే పలకవ్, అడిగితే చెప్పవ్. ఏమైంది నీకు?"

ఉదయ తండ్రి మొహంలోకి చూసింది. కళ్ల కింద నుంచి గడ్డం దాకా నల్లటి మాస్కు.

"ఏంది నాన్నా?" అంది.

వెక్కిరిస్తోందనుకున్నాడు. అరచేయి చాచి ఎడమ చెవి మీద కొట్టాడు. ఆ దెబ్బకు ఉదయ పక్కకు ఒరిగి చెప్పుల స్టాండు అంచుకు తల కొట్టుకుంది. కనుబొమ్మ పక్కన చర్మం చిట్లి రక్తం వచ్చింది.

బిందుమాధవి గరిటెతోనే పరుగెత్తుకొచ్చింది. "ఎదిగిన పిల్లని అలా కొడతారా ఎక్కడైనా? మీకు మతి ఉందా లేదా?"

"నువ్వు వెనకేసుకొచ్చే ఇట్ల తయారైంది" అంటూ లింగస్వామి టేబుల్ మీదున్న ఉప్మా ప్లేటును గోడకు విసిరికొట్టాడు. చీరాల నుంచి కోడలుగా వచ్చిన పదిహేడేళ్లలో ఆమె భర్త చేతిలోంచి ప్లేటు ఎగరడం చూడలేదు.

గది లోపల్నుంచి నర్సింహులు వచ్చాడు. ఉదయ కనుబొమ్మ చూశాడు, తమ్ముణ్ణి చూశాడు. "ఇంకోపారి బిడ్డ మీద చెయ్యేస్తే నీ చెయ్యి విరుగుతది, లింగం" అని మెల్లగా చెప్పి, గాయానికి ప్లాస్టరు వేసి, తనే స్కూటర్ మీద చైతన్యపురిలోని బడికి తీసుకెళ్లాడు.

దారంతా ఏదో చెబుతూనే ఉన్నాడు. వెనక కూర్చున్న ఉదయ ఒక్కదానికీ జవాబివ్వలేదు. బాధలో ఉంది పాపం అనుకున్నాడు.

ఆమెను దించాక షాపుకు పోబుద్ధి కాలేదు. మార్కులు ఎందుకు తగ్గాయో లెక్కల సారునే అడుగుదామని మొదటి పీరియడు మొదలయ్యాక రెండో అంతస్తుకు ఎక్కాడు. పదో తరగతి తలుపు తెరిచే ఉంది. పిల్లలందరూ మాస్కుల్లో ఉన్నారు. యాభై దాటిన సాంబమూర్తి సారు ఒక్కడే తన మాస్కును గడ్డం కిందికి లాక్కుని, కిటికీ పక్కన మొదటి బెంచీ ముందు నిలబడి పాఠం చెబుతున్నాడు. ఆ బెంచీలో ఉన్నది ఉదయ.

నర్సింహులు కళ్లముందు కారు వెనక సీటు మెదిలింది. తరవాత ఏం చేస్తున్నాడో అతనికే తెలియలేదు.

ఒక్క ఊపున లోపలికొచ్చి సారు కాలరు పట్టుకుని నల్లబల్లకేసి గుద్దాడు. కళ్లజోడు కిందపడి పగిలింది. "నా బిడ్డ మొకం మీద ఊపిరి ఇడుస్తున్నవా? మాస్కు పెట్టుకోమంటే నీకు బరువా?" అంటూ పిడికిలితో మూతి మీద కొట్టాడు. మళ్లీ కొట్టాడు. సారు పెదవి తెగి, రక్తం తెల్లచొక్కా మీద కారింది. ఆడపిల్లలు ఏడుస్తూ వెనక గోడకు అంటుకుపోయారు. "ఒద్దు పెదనాన్నా, సార్‌ను కొట్టకు" అని ఉదయ అతని చేతికి వేలాడింది. విదిలించేసరికి ఆమె బెంచీల మధ్య పడింది.

ఇద్దరు వాచ్‌మెన్లు, ఆఫీసు గుమాస్తా కలిసి అతణ్ణి వెనక్కి లాగారు. సాంబమూర్తి నేల మీద చతికిలబడి ఉదయ వైపు చూశాడు. ఆమె ఏడుస్తూనే, చెప్పొద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. ఆయన గడ్డం కింది మాస్కును పైకి లాక్కున్నాడు. తెల్లటి గుడ్డ చూస్తుండగానే ఎర్రబడింది.

"పిల్లల్ని బయటికి పంపించండి" అన్నాడంతే.

పోలీసులు వచ్చారు. సాయంత్రం నాలుగింటిదాకా స్టేషన్లో కూర్చోబెట్టి, మర్నాడు మళ్లీ రావాలని సంతకం పెట్టించుకుని వదిలారు. ఉదయకు టీసీ ఇచ్చేస్తామని బడివాళ్లు కబురు చేశారు.

నర్సింహులు ఇంట్లో అడుగుపెట్టేసరికి లింగస్వామి హాల్లో నిలబడి ఉన్నాడు.

"బోర్డు పరీక్షలు నాలుగు నెలలల్ల ఉన్నయ్. ఇప్పుడు బిడ్డను ఏ బడి తీసుకుంటది? నీకు దండం పెడుతనే, జర చెప్పు."

"వాడు మాస్కు తీసి పాఠం చెప్తున్నడు. నువ్వైతే చూసుకుంట నిలబడ్తవా?"

"వదిన పోయినప్పటి సంది ఇంటిని జైలు చేసినవ్. అమ్మతోని కలిసి అన్నం తినక ఆరు నెలలాయె. ఊకున్న. ఇప్పుడు బడిల పంతుళ్లను కొట్టబడ్తివి." లింగస్వామి తన మాస్కు పీకి అన్న ఛాతీ మీదికి విసిరాడు. "నీ పెండ్లాం సచ్చిపోయిందని అందర్ని సంపుతవా?"

ఆ మాట పూర్తి కాకముందే నర్సింహులు చెయ్యి అతని దవడ మీద పడింది. లింగస్వామి తూలి, నిలదొక్కుకుని, అన్నను రెండు చేతులా వెనక్కి నెట్టాడు. షోకేసు అద్దం భళ్లున పగిలింది. నర్సింహులు మోచేయి నుంచి మణికట్టు దాకా చీరుకుపోయింది. ఆ రక్తపు చేత్తోనే తమ్ముడి గొంతు పట్టుకున్నాడు. ఇద్దరూ గాజుముక్కల మీద పడి దొర్లారు. "ఇడువుండ్రి, నా కొడుకులార, ఇడువుండ్రి" అంటూ మధ్యలోకొచ్చిన కొమురమ్మకు ఎవరి మోచెయ్యో తగిలింది. ఆమె మంచం కోడు పక్కన కూలబడింది. బిందుమాధవి అత్తగారిని పట్టుకుని కేకలు పెడుతోంది.

ఉదయ గదిలోంచి వచ్చింది. పరుగున పోయి పెదనాన్న మొహం మీది మాస్కును రెండు చేతులా పట్టుకుని లాగేసింది. నర్సింహులు ఉలిక్కిపడి చెయ్యెత్తాడు.

"కొట్టు పెదనాన్నా. ఎంతైనా కొట్టు. మూతి మాత్రం మూసుకోకు. మీరేం మాట్లాడుతున్నరో నాకు తెలుస్తలేదు."

ఎత్తిన చెయ్యి అలాగే ఆగింది.

"ఇనబడ్తలేదు నాకు" అంది ఉదయ. ఆమె గొంతు అవసరమైన దానికన్నా పెద్దగా ఉంది. "చిన్నగున్నప్పుడు టైఫాయిడ్ వచ్చింది కదా, అప్పటి సంది తక్కువైతుందనుకుంట. నాకు తెలుస్తనే లేకుండె. అందరి మూతులు చూసుకుంట అర్థం చేసుకునేదాన్ని. ఫోన్ల క్లాసులప్పుడు ఇయర్‌ఫోన్లు చెవులల్ల పెట్టుకుని సౌండ్ ఫుల్లు పెట్టేదాన్ని. బడి తెరిచినంక అందరి మూతులు మూసుకుపోయినయ్. ఇంట్లనూ మూసుకుపోయినయ్. సార్ ఒక్కరే కనిపెట్టిండు. మీ నాన్నను తీస్కరా అన్నడు. చెవిల మిషన్ పెడితే అందరు నవ్వుతరని, ఒక్క వారం ఆగుండ్రి అని నేనే బతిమాలిన. లెక్క చెప్పేటప్పుడు నా కోసం, కిటికీ దగ్గరికొచ్చి మాస్కు కిందికి చేస్తడు. నాకోసమే."

బిందుమాధవి లేచి కూతురి వెనక్కి వెళ్లింది. మాస్కు తీసింది. "ఉదయా" అని పిలిచింది. ఇంకొంచెం గట్టిగా, "ఉదయా, నాన్నా, ఇటు చూడు" అంది. ఉదయ కదల్లేదు. తల్లి మూడోసారి పిలిచింది. ఎదురుగా తండ్రి మొహం మారిపోవడం చూసి, అప్పుడు వెనక్కి తిరిగింది.

లింగస్వామి నేల మీదే కూర్చుండిపోయాడు. తన కుడి అరచేతిని చూసుకున్నాడు. "పొద్దుగాల నేను కొట్టింది చెవి మీదనే" అన్నాడు. మళ్లీ అదే మాట అన్నాడు. తరవాత చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. ఉదయ వెళ్లి పక్కన కూర్చుంటే ఆ చెవిని తాకడానికి కూడా భయపడ్డాడు.

నర్సింహులు గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఆరు నెలల తరవాత ఇంట్లో వాళ్లు అతని మొహం చూశారు. బుగ్గలు లోపలికి పోయి, గడ్డం తెల్లబడి, ఎవరో ముసలాయనలా ఉన్నాడు. కొమురమ్మ అతని చేతికి పాత చీర పేలిక చుట్టింది. "లచ్చిమి పోయిందని నువ్వు భయపడ్డవ్ బిడ్డా. మేమంతా నిన్ను చూసి భయపడ్డం. పిల్ల ఎవ్వరితోని చెప్పుకుంటది?" అంది.

మర్నాడు పొద్దున్నే అన్నదమ్ములిద్దరూ ఉదయను వెంటబెట్టుకుని వనస్థలిపురంలో సాంబమూర్తి ఇంటికి వెళ్లారు. తలుపు తీసిన ఆయన భార్య సూర్యప్రభ నర్సింహుల్ని చూసి మళ్లీ మూసేయబోయింది. "రానివ్వు" అని లోపల్నుంచి సారు అన్నాడు. ఆయన పెదవికి నాలుగు కుట్లు పడ్డాయి.

నర్సింహులు గుమ్మం బయటే వంగి ఆయన కాళ్లు పట్టుకోబోయాడు. సారు వెనక్కి జరిగాడు.

"నిన్న నన్నెందుకు కొట్టారో నాకు అర్థమైందండీ. తప్పు నాది కూడా ఉంది. పిల్లలున్న గదిలో నేను మాస్కు తీయకూడదు. మీ భయం అబద్ధం కాదు."

"మరి రూలు తప్పంటరా సార్?" అని అడిగాడు నర్సింహులు.

"రూలు మంచిదే. రాసినవాళ్లకి ఉదయ సంగతి తెలీదు, అంతే. తెలిసిన నేను మీతో చెప్పాలి. పిల్ల ఏడ్చిందని వారం ఆగాను. ఆగకుండా ఉండాల్సింది." ఆయన మాట్లాడుతుంటే కుట్లు లాగుతున్నట్టు మధ్యమధ్య ఆగుతున్నాడు. "మూతి కనబడేలా అక్కడ ప్లాస్టిక్కు ఉండే మాస్కులు వచ్చాయిట. మా అబ్బాయి చేత తెప్పిస్తున్నాను. మీరు ముందు పిల్లని చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి."

"కేసు సంగతి మీ ఇష్టం సార్" అన్నాడు నర్సింహులు. "జైలుకైనా పోత. బిడ్డను మాత్రం బడిల ఉంచుండ్రి."

"కేసు వెనక్కి తీసుకుంటాను" అన్నాడు సాంబమూర్తి. "ప్రిన్సిపాల్‌తో కూడా నేనే మాట్లాడతాను. కానీ మీరు నన్ను నా పిల్లల ముందు కొట్టారు. నలభైమంది చూశారు. క్షమాపణ ఇక్కడ కాదు, అక్కడ చెప్పండి."

సోమవారం ప్రార్థన అయ్యాక పదో తరగతిని బడి వెనక ఖాళీ స్థలంలో ఎడంఎడంగా నిలబెట్టారు. ఉదయ రెండు చెవులకూ మిషన్లు పెట్టాలని డాక్టరు చెప్పాడు, అవి రావడానికి ఇంకా పది రోజులు పడుతుంది. ఆమె మొదటి వరసలో ఉంది. సాంబమూర్తి కొత్త మాస్కు పెట్టుకుని పక్కన నిలబడ్డాడు. ప్లాస్టిక్కు వెనక కుట్లు కనిపిస్తున్నాయి.

నర్సింహులు పిల్లల ముందుకొచ్చాడు. "సార్ తప్పేం చెయ్యలే. తప్పు నాది" అని మొదలుపెట్టాడు. నాలుగు మాటలన్నాక ఉదయ కళ్లు అతని మాస్కు మీదే వెతుకుతున్నట్టు తిరగడం గమనించి ఆగిపోయాడు.

బయట, మనుషుల మధ్య, మే నెల తరవాత అతను మాస్కు తీయలేదు. నాలుగడుగులు వెనక్కి వేసి, ఇంకో నాలుగు వేసి, గోడ దాకా పోయాడు. చెవి వెనక దారం పట్టుకున్నాడు. వదిలేశాడు. మళ్లీ పట్టుకుని, కళ్లు మూసుకుని, మాస్కు తీశాడు.

ఏదో చెప్పబోయాడు. ఏడుపు అడ్డొచ్చి గొంతు లేవలేదు. పెదవులు మాత్రం కదిలాయి. పిల్లలకేమీ వినిపించలేదు. ఏమన్నాడని వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఉదయ కళ్ల నిండా నీళ్లతో తలూపింది.

"విన్న పెదనాన్నా" అంది. "అంతా విన్న."