పెదవి ముందు, మాట వెనక

తాండూరు అవతల పాడుబడ్డ బండల గని ఒకటుంది. రాయి తీయడం మానేశాక దాన్నిండా నీళ్లు, నీళ్లకంటే ఎక్కువ కథలు. రాత్రిపూట అటు పోతే ఆడగొంతు పిలుస్తుందట. పలికితే పోయినట్టే... అని ఎన్నడూ అటు పోనివాళ్లే చెబుతారు.

తాండూరులో పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేసే వినీత చెప్పగా విన్నాను ఇది.

గని గట్టున గుడిసెలో బుగ్గమ్మ అనే ముసలామె మేకలు కాసుకుంటూ ఒంటరిగా ఉంటుంది. ఒక అమావాస్య రాత్రి ధనరాజ్ అక్కడికి పోయాడు. దెయ్యాల వీడియోలు తీసి ఛానల్‌లో పెట్టడం అతని పని. సిగ్గు లేనివాడికి మంచి పనే. ఫోన్‌ను స్టాండుకు బిగించి, ముఖం మీదికి చిన్న టార్చి వేసుకుని కూర్చున్నాడు.

గాలి లేదు. కప్ప కూడా అరవలేదు. అప్పుడు — సన్నగా, వణుకుతూ...

"బుగ్గమ్మ నన్ను గీడ కట్టేసింది... ఇడిపించుండ్రి..."

వీడియోలో అంతకు కాస్త ముందు ధనరాజ్ పెదవులు ఏదో గొణిగినట్టు కదిలాయి, ఆ గొంతు వినబడేసరికి నోరు మూసుకునే ఉంది. కళ్లు మాత్రం ఇంతింత చేశాడు.

ఇంకేం కావాలి? బుగ్గమ్మ బాణామతి చేసిందని గని పక్క ఊరు తేల్చేసింది. చదువుకున్నవాళ్లు మరీ ముందు. కిరాణా కొట్టులో ఆమెకు ఉప్పు కూడా ఇవ్వలేదు. ఆదివారం రాత్రి అందరూ కూర్చుని ఆమెను ఊరు దాటించాలని, అంతకుముందు ఆ వీడియోను పెద్ద తెర మీద చూడాలని పెద్దమనిషి బాలప్ప చాటించాడు.

ధనరాజ్‌కు ఒకటే పరేషాన్. వీడియోలో అతను మాట్లాడిన చోట పెదవికీ మాటకూ పొంతన లేదు. దొంగ వీడియో అని కొందరు కామెంట్లు పెట్టారు. కొరివితో తల గోక్కున్నట్టు, తానే వినీత దగ్గరికి పోయాడు.

"అక్కా, జర పెదవులు మాటకు కలుపవా? ఊరోల్లు నమ్మాలె."

"చీకట్ల ఫోన్ ఒక్క తీరుగ తియ్యదు తమ్మీ. ఓసారి సెకనుకు ముప్పై బొమ్మలు తీస్తది, ఓసారి పదిహేనే. నీ ఎడిటింగ్ యాప్ అన్నీ సమానమే అనుకున్నది. అందుకే పెదవి ముందు ఉరికింది, మాట వెనక పడ్డది. ఫ్రేమ్ రేట్ అంతట ఒక్కటే చేస్తే సరైతది."

"గట్లనే చెయ్. సీదా ఊరికి తీస్కపోత."

తీసుకుపోయాడు. తిరిగి చూసుకునే ఓపిక కూడా లేదు మహానుభావుడికి. తమాషా చూద్దామని వినీతా వెంట పోయింది.

తెర మీద చీకటి. టార్చి వెలుగులో ధనరాజ్ ముఖం. బుగ్గమ్మ ఓ మూల ముడుచుకుని కూర్చుంది.

గొంతు వచ్చింది...

"బుగ్గమ్మ నన్ను..."

ఆ మాటతోపాటే ధనరాజ్ పెదవులు కదిలాయి. బు అన్నప్పుడు కలిశాయి. మ్మ అన్నప్పుడు మళ్లీ కలిశాయి. ఇన్నాళ్లూ ఆ పెదవులు భయంతో దండకం చదువుతున్నాయనుకుని దండం పెట్టారు జనం.

"మల్లొకపారి పెట్టు," అన్నాడు బాలప్ప మెల్లగా.

మళ్లీ అదే. దెయ్యం మాట, ధనరాజ్ నోరు. తెర ముందు ధనరాజ్ కనబడలేదు, ఎప్పుడు జారుకున్నాడో.

బుగ్గమ్మ లేచి నిలబడింది.

"దెయ్యం నోరు దొరికింది," అంది. "ఇగ నన్ను ఎల్లగొట్టుమన్న నోర్లు ఏవి?"