లియో కుర్చీలో కుడిచెయ్యి

“లియోను చంపేశారు,” అన్నాడు చీఫ్ క్రాంతికుమార్.

జూబ్లీహిల్స్‌లో డెంటల్ క్లినిక్ బోర్డు వెనక నడిచే రహస్య ఆఫీసు అది. ఏజెంట్ జెరూష నిలబడే వింది. ఆమె, లియో ఒకే బ్యాచ్. ఇద్దరిదీ ఎడమచేతివాటమే కావడంతో ట్రైనింగ్‌లో మోచేతులు తగలకుండా ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్ళు. ఆరునెలలుగా లియో ఫిల్మ్‌నగర్ స్టూడియోలో ఎడిటర్ వేషంలో ఉన్నాడు.

“ఎలా, సర్?”

“కాఫీలో విషం. ఇది చూడు.”

చీఫ్ ల్యాప్‌టాప్ తిప్పాడు. జెరూష మౌస్‌ను ఎడమవైపుకు లాక్కుంది. వైరు తగిలి టీ ఒలికింది. పైగా అది కుడి అరచేతికి తగ్గట్టు వంపు తిరిగిన మౌస్. డిపార్ట్‌మెంట్ ఆమెకు ఎడమచేతికి అందే తుపాకీ హోల్‌స్టర్ కుట్టించింది గానీ, ఎడమచేతి మౌస్ మాత్రం ఇన్నేళ్ళయినా శాంక్షన్ కాలేదు.

“కుడిచేత్తో వాడొచ్చుగా?” చీఫ్ విసుక్కున్నాడు.

“అన్నం తింటున్నాను కదా సర్, అది చాలదా?”

తెర మీద ఒక సినిమా ట్రైలర్.

“ఇది మధ్యాహ్నం నెట్‌లో రిలీజవుతుంది. ఒక ఫ్రేమ్‌లో విదేశీ ముఠా మన మనిషి ఫొటో దాచింది. బెన్‌హర్‌ది.”

శత్రుదేశంలో మారుపేరుతో బతుకుతున్న బెన్‌హర్ ఆమె సొంత అన్న.

“రైడ్ చేద్దాం సర్.”

“చేస్తే ఫొటోను ఇంకో దారిలో పంపుతారు. ట్రైలర్ వెళ్ళాలి, అందులో బెన్‌హర్ ఉండకూడదు. అతని బదులు వాళ్ళ మనిషి ముఖమే పెట్టు.” చీఫ్ లిప్‌స్టిక్‌లా ఉన్న పెన్‌డ్రైవ్ ఇచ్చాడు. “లియో సిస్టమ్ లాక్ చేసి పోయాడు. తెరిచే కోడ్, వాళ్ళ మనిషి ఫొటో ఇందులో ఉన్నాయి. లోపల సెకండ్ హీరోయిన్ నిహారిక మనకు పనిచేస్తోంది.”

సోడాబుడ్డి కళ్ళద్దాలతో, కొత్త ఎడిటర్ వేషంలో జెరూష స్టూడియోకు చేరింది. మేనేజర్ లక్ష్మయ్య గది తెరిచాడు.

“లియో సార్ పొయినంక గీ కుర్చీల ఎవ్వరు కూసోలే మేడం. ప్రొడ్యూసర్ ఒకటే ఫోన్లు చేస్తుండు. జర జల్ది కానియ్యుండ్రి.”

అతను వెళ్ళగానే సిల్కు చీరలో నిహారిక వచ్చి తలుపు గడియ పెట్టింది.

“మీ కారవాన్‌లో ఏసీ పనిచేస్తోందా?” అడిగింది జెరూష.

“లేదు. ఫ్యాన్ గాలికే బతుకుతున్నా.”

గుర్తింపు మాటలు సరిపోయాయి. జెరూష పెన్‌డ్రైవ్ గుచ్చింది. సిస్టమ్ తెరుచుకుంది. వెంటనే మెడకు చల్లగా పిస్టల్ సైలెన్సర్ తగిలింది.

“చేతులు తల మీద పెట్టుకుని లే.”

“కాఫీ ఇచ్చింది నువ్వేనా?”

“చక్కెర తక్కువైందన్నాడు, పాపం.”

నిహారిక పిస్టల్‌ను ఎడమచేతిలోకి మార్చుకుంది. కుడిచేత్తో మౌస్‌ను తనవైపు లాక్కుని ‘అప్‌లోడ్’ మీద నొక్కింది. అప్‌లోడ్ కాలేదు. ఏదో మెనూ తెరుచుకుంది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ అదే మెనూ.

జెరూషకు అర్థమైంది. లియో తన చేతికి వీలుగా మౌస్ బటన్లు తారుమారు చేసి పెట్టుకున్నాడు.

నిహారిక చూపు మౌస్ మీదికి దిగింది. జీవితమంతా పరాయి మౌస్‌లతో తిప్పలు పడిన జెరూషకు ఆ తడబాటు ఎంతసేపుంటుందో తెలుసు. ఆమె ఎడమచెయ్యి పిస్టల్‌ను ఒడిసిపట్టింది. పెనుగులాటలో అది పేలింది. నిహారిక కుర్చీ పక్కన కూలిపోయింది. మళ్ళీ లేవలేదు.

బయట లక్ష్మయ్య తలుపు కొడుతున్నాడు. “టైమైపోయింది మేడం.”

జెరూష మౌస్‌ను మళ్ళీ ఎడమవైపు పెట్టుకుని కూర్చుంది. అన్న ముఖం తీసేసింది. ముఠా మనిషి ముఖం పెట్టింది. అప్‌లోడ్ నొక్కింది. ఆఖరి క్షణంలో ట్రైలర్ వెళ్ళిపోయింది. అన్న బతికాడు.

పుట్టి బుద్ధెరిగాక, ఏదీ మార్చుకోకుండా ఆమె చేతికి అమరిన మొదటి కంప్యూటర్ అది. అలా అమర్చినవాడు మార్చురీలో ఉన్నాడు. జెరూష కళ్ళద్దాలు తీసి గట్టిగా ఏడ్చేసింది.

సాయంత్రం సైబర్ వింగ్ నుంచి జగదీశ్ వచ్చి, ఆ కుర్చీలో కూర్చుని టకటకా నొక్కాడు.

“మౌస్ ఖరాబైంది మేడం. పడేసి కొత్తది పెడదామా?”

“దానికేం కాలేదు,” అంది జెరూష. “చెయ్యి మార్చి చూడు.”