ఎడం పక్క సీటు

ఉదయగిరి నుంచి ఆత్మకూరు పొయ్యే రోడ్డులో, ఊరు దాటంగానే మూతబడిన శెనక్కాయల మిల్లు ఒకటి ఉండాది. లారీవాళ్ళు ఆడ బండి ఆపితే ఎడం పక్క సీటు ఖాళీగా పెట్టి దిగరు. నీళ్ళ క్యానో, దుప్పటో... ఏదో ఒకటి ఆ సీట్లో పెట్టే దిగతారు.

ఎందుకంటే — ఆ మిల్లు ఓనరు జనార్దనయ్య, కారు కొంటే ముందు నిన్నే ఎక్కిస్తానని పెళ్ళానికి మాటిచ్చినాడంట. కారు వచ్చింది. ఎడం సీట్లో ఇంకొకామె కూర్చోని ఉండాది. పెళ్ళాం మాత్రం సాయంత్రమైతే తల దువ్వుకోని, మల్లెపూలు పెట్టుకోని, మిల్లు అరుగు మీద ఎదురుచూసి చూసి... ఆ అరుగు మీదే పోయింది. ఇప్పుడు ఖాళీ సీటు కనబడితే వచ్చి కూర్చుంటాదని చెప్పుకుంటారు.

అట్టాంటి మిల్లులో షెడ్డు బాడిక్కి తీసుకున్నాడు రాఘవ, బోరు మోటార్లు బాగుచేసే మనిషి. ఇంటి సందులో పట్టక, కొత్తగా కొన్న కారు పెట్టుకునేదానికి. కొత్తగా కొన్నాడు గానీ అది కొత్తదేం కాదు. బెంగుళూరులో ఎవరో వాడి వాడి వదిలించుకున్న రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. ఇంజను బంగారం. లోపలే... సీట్ల తోలు నెర్రెలిచ్చి, ఫోము పొడిపొడై, పైన గుడ్డ జారి నెత్తికి తగలతా ఉండాది.

వచ్చిన రోజే పెళ్ళాం మధులతని ఎక్కమన్నాడు. "నువ్వూ అదీ ఊరేగండి," అనేసిందామె.

అనిందే గానీ, ఆ రోజు నుంచి కడుపులో మంట. పొద్దుగూకితే షెడ్డు. అన్నం తింటా కూడా దాని మాటే. సీటు మెత్తగా ఉండాల, నడుం పట్టకూడదు అంటాడు. ఇన్నేళ్ళుగా జాకెట్లు కుట్టి నా నడుం పట్టేసిందే, ఒక్కనాడన్నా అడిగినాడా అని మధులతకి ఒళ్ళు మండిపొయ్యేది. సవతి ఉన్నా ఇంతకన్నా నయం అనుకునింది.

ఒకరోజు చొక్కా ఉతకబోతే దారం ముక్క దొరికింది. ముదురు ఎరుపు, తన డబ్బాలో లేని రంగు. కుట్టే మనిషి ఇంట్లోనే ఉంటే, సీట్లు ఎవరి చేత కుట్టిస్తా ఉండాడు? ఆ రాత్రి మెలకువొచ్చి చూస్తే రాఘవ ఆమె వీపు మీద జానలు వేస్తా ఉండాడు. ఏందని అడిగితే, దోమ అన్నాడు.

పోయిన చలికాలంలో ఒక సాయంత్రం కరెంటు పోయింది. రాఘవ కోసం చూసి చూసి, టార్చి తీసుకోని మధులతే మిల్లుకి నడిచింది. అరుగు మీద ఎవురూ లేరు. షెడ్డు తలుపు ఓరగా తెరిచి ఉండాది. లోపల చార్జింగు లైటు... గుసగుసగా మాట.

"ఇట్టా ఆనుకో... నొప్పి లేదు గదా?"

మధులత కాళ్ళు ఆగిపోయినాయి. ఆ గొంతుతో తనని పలకరించి ఎన్నాళ్ళయిందో!

తలుపు సందులోంచి చూసింది. కారు ఎడం సీట్లో... ఒక ఆడమనిషి. నెత్తిన కొంగు కప్పుకోని, తల వంచుకోని ఉండాది. కదలదు, మెదలదు.

దెయ్యమే అనుకునింది. అప్పుడు చూసింది ఆ చీర. పెళ్ళయిన కొత్తలో రాఘవ కొనిచ్చిన ఆకుపచ్చ నేత చీర... తనది!

దెయ్యమైతే మాత్రం, నా చీర కట్టుకుంటాదా? విసురుగా పోయి, డోరు తీసి, కొంగు పట్టుకోని ఈడ్చింది.

దబ్బుమని కిందపడింది — ఇసక మూట. దాని వెనకే ఇంకొకటి.

రాఘవ బిక్కమొహం వేసినాడు. కొత్త ఫోము అతికిస్తే గమ్ము ఆరిందాకా బరువు పెట్టాలంట. గోనె గీరుకుంటే తోలు పాడైపోతాదని మెత్తటి పాత చీర చుట్టినాడంట. సీటు కత్తిరించింది ఆమె వీపు కొలతకే. కుట్టింది ఎవురో కాదు, ఆయనే... వేళ్ళ నిండా సూది పోట్లు చూపించినాడు.

"ఎక్కమంటే తిడతావు. నిన్నెట్టా అడగాల్నో ముందు దీనితో అని చూసుకుంటా ఉండా," అన్నాడు.

మధులతకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చినాయి. గమ్ము ఆరిపోయింది, ఆత్మకూరు దాకా పోయొద్దామని రాఘవ గేటు తీసేదానికి బయటికి పోయినాడు. ఆమె చీర దులిపి, మడిచి, ఎక్కబోయింది.

సీటు ఖాళీగా ఉండాది. ఫోము పైకి లేచి, నిండుగా ఉండాది. ఆమె చూస్తా ఉండంగానే... మధ్యలో గుంట పడింది. మెల్లగా. తోలు కిర్రుమనింది. వీపు ఆనేచోట ఇంకో గుంట. సన్నటి వీపు... వాడిపోయిన మల్లెల వాసన.

అప్పుడు గుర్తొచ్చింది, సీట్లో ఉన్న మూటలు తీసిపారేసింది తనే.

రాఘవని కేకెయ్యబోయింది. కానీ ఆ గుంట ఇంకాస్త వెనక్కి, సుఖంగా ఆనుకునింది చూడండి — అంతే, ఆ పాత మంట భగ్గుమనింది. నా మొగుడు వేళ్ళు పొడుచుకోని నాకు కుట్టిన సీటు!

వంగి, మెల్లగా అనింది.

"లెయ్యి. అది నా సీటు."

లైటు మినుకుమనింది. ఏమీ కదల్లేదు... చాలాసేపు. తర్వాత తోలు కిర్రుమనింది. గుంట నిండింది. మల్లెల వాసన ఆమె భుజం పక్కగా దాటి, అరుగు వైపు పోయింది.

మధులత ఎక్కి కూర్చునింది. సీటు మంచులాగా చల్లంగా ఉండాది. నడుం మాత్రం అచ్చంగా ఇమిడిపోయింది. ఎవురితో మాట్లాడతా ఉండావని రాఘవ అడిగితే, ఎవురూ లేరు, పోనీ అనింది.

ఇప్పటికీ ఆత్మకూరులో కూరగాయలకి దిగినా సరే, ఆ సీట్లో తన కుట్టుసంచి పెట్టే దిగతాది. అంత భయమా అని ఒకసారి నేనే అడిగినాను.

నన్ను ఎగాదిగా చూసింది.

"భయమేంది? ఆ సీట్లో కూర్చున్నోళ్ళకి దిగబుద్ధి కాదు. ఆ రోజంటే ఆమెకి కొత్త గనక లేచింది. ఇంకోసారి కూర్చుంటే... లేస్తాదా?"